దీనారం బంగారమా, వెండా?

సీసమాలిక: రాజసభలో తనకు నాణేలతో అభిషేకం జరిగిందన్న శ్రీనాథుడి పద్యం, “దీనార టంకాల తీర్థమాడించితిని…” తర్వాత? రోమన్ చక్రవర్తి గాలియెనస్ (253–268) పాలన గురించి చదువుతుంటే ఈ పాదం పట్టుకుని వదలడం లేదు. రోమన్ల దెనారియస్ వెండిది. శ్రీనాథుడికి పోసింది బంగారం. లోహం ఎక్కడ మారింది?

పాతకాసు: గాలియెనస్ నాటికి దెనారియస్ పనే అయిపోయింది. మూడో గోర్డియన్ (238–244) తర్వాత అడపాదడపా తప్ప కొట్టలేదు. నడిచింది కారకల్లా చక్రవర్తి 215లో తెచ్చిన ఆంటోనినియానస్ అనే వెండి నాణెం. చెల్లుబడి రెండు దెనారియస్‌లకు, బరువు ఒకటిన్నరకు. మోసం అక్కడే మొదలు. 260లో తండ్రి వలేరియన్ పర్షియా రాజు షాపూర్ చేతికి చిక్కాడు, గాల్‌లో (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) సేనాని పోస్టుమస్ వేరుకుంపటి పెట్టాడు. గనుల రాబడి తగ్గింది, సైన్యం జీతాలు ఆగవు. వెండి తగ్గించి తగ్గించి చివరికి నూటికి రెండు మూడు పాళ్లకు తెచ్చారు. పైన వెండి పూత, నాలుగు చేతులు మారితే లోపలి రాగి బయటపడేది.

గణవిభజన: లోహం తర్వాత, ముందు పాదం సరిచూసుకోండి. “ఆడించితిని” కాదు, “ఆడించితి”. “డించితిని” అంటే గురువు మీద మూడు లఘువులు, అది ఇంద్రగణమే కాదు. “డించితి” భగణం. పైగా ఆడించింది “నేను” కాదు, “నీవు”. కింది తేటగీతిలో శారదాంబను పిలిచాడుగా.

పాతకాసు: ఒప్పుకున్నాం. మరి సమాసం? దీనారాలూ టంకాలూనా, దీనారాలనే టంకాలా? ద్వంద్వమైతే టంకం వెండిది కావచ్చు.

నిష్కం: అమరకోశం తిప్పండి, “దీనారేఽపి చ నిష్కోఽస్త్రీ”: బంగారు నాణెమైన నిష్కానికి దీనారమనీ అర్థం. గుప్తుల శాసనాల్లోనూ దీనారమంటే బంగారు నాణెమే. కనకాభిషేకమన్నాక వెండి ఎందుకొస్తుంది?

పాతకాసు: పద్యంలో “కనక” లేదు. అది మనం తగిలించింది.

సీసమాలిక: నేనడిగింది రోమ్ నుంచి…

గణవిభజన: టంకం అంటే గుర్తొచ్చింది. “ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు” అని ఏడ్చింది కూడా ఈయనే. బొడ్డుపల్లె ఊరిని గుత్తకు పట్టి మునిగాడు. రాజుగారి ముత్యాలశాలలో టంకాలతో స్నానమాడినవాడే టంకాలు కట్టాల్సివచ్చింది! అక్కడ దీనారం ఊసే లేదు, ఉత్త టంకం.

పాతకాసు: అంటే రెండూ వేరనేగా!

నిష్కం: శిస్తు లెక్కలో వాడుక మాట, సభలో బడాయి మాట. అంతే.

పాతకాసు: మాట అలా మిగులుతుంది, నాణేనికే గతి ఉండదు. రోమ్ చక్రవర్తి ఔరేలియన్ 274లో వెండిని నూటికి అయిదుకు ఎత్తి, నాణెం మీద రోమన్ అంకెల్లో 21 అని కొట్టించాడు. ఇరవై పాళ్లు రాగికి ఒక పాలు వెండి అనే నా మతం. కాదు, మారకం విలువ అనేవాళ్లున్నారు.

గణవిభజన: అందరూ “టంకాల తీర్థ” అనే రాస్తున్నారు. అది తృతీయ (టంకాలతో). ద్రుతం మీద పరుషానికి సరళం రావాలి: “టంకాలఁ దీర్థమాడించితి”. అరసున్న ఏ ప్రతిలో ఎగిరిపోయింది?