4కేలో ఆకులు బాగున్నాయి, ఆకాశం మెట్లు మెట్లుగా వస్తోంది: తప్పు బ్లాకు సైజుదేనా?

వేకువ_ఫ్రేమ్:
నమస్తే అందరికీ. తెల్లవారుజామున తీసిన 4కే వీడియో ఒకటి ఎక్స్265తో (హెచ్.265 పద్ధతిలో వీడియోని కుదించే సాఫ్ట్‌వేర్) ఎన్‌కోడ్ చేస్తున్నాను. కింద సగం చెట్లు, పై సగం ఖాళీ ఆకాశం. ఆకుల్లో వంక పెట్టడానికేమీ లేదు, ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తోంది. ఆకాశం మాత్రం రంగు పట్టీలు పరిచినట్టు మెట్లుగా విడిపోతోంది. ఫ్రేముని కోసే పెద్ద పెద్ద 64 పిక్సెళ్ల చదరపు బ్లాకుల వల్లే అనుకుని సీటీయూ సైజు (అతి పెద్ద బ్లాకు కొలత) 16కి తగ్గించి రాత్రంతా మళ్లీ నడిపాను. ఫైలు పెరిగింది, మెట్లు అలాగే ఉన్నాయి. ఎక్కడ పొరబడుతున్నాను?

గళ్లనోటు:
నేనూ మొదట్లో అలాగే అనుకున్నానండి. సీటీయూ 64 అంటే అన్ని బ్లాకులూ 64 అని అర్థం కాదు, అంతకు మించి పెద్దవి ఉండవని మాత్రమే. ఆ గడిని నాలుగు 32లుగా, ఒక్కో 32ని నాలుగు 16లుగా, అలా 8 దాకా, లాభం కనిపించిన చోటల్లా ఎన్‌కోడర్ కోసుకుంటూ పోతుంది. మీ ఆకులు ముందే 8, 16 ముక్కల్లో ఉండి ఉంటాయి, అందుకే అక్కడ తేడా రాలేదు. నష్టమంతా ఆకాశం దగ్గర జరిగింది. కదలని ఆకాశంలో ఒక 64 బ్లాకుకి "వెనక ఫ్రేములో ఉన్నదే తీసుకో" అని ఒక్కసారి చెబితే సరిపోయేది, ఇప్పుడు అదే మాట పదహారు సార్లు చెప్పాల్సి వస్తోంది. 4కే ఫ్రేముకి 16 గళ్లయితే 32,400 పడతాయి, 64 గళ్లయితే 2,040తో సరి. హెచ్.265కి ముందుతరమైన 2003 నాటి హెచ్.264లో ఈ గడి (దాన్ని మాక్రోబ్లాకు అనేవారు) 16 దగ్గరే ఆగింది. 2013లో హెచ్.265 వచ్చేసరికి 64 దాకా వెళ్లడానికి పెద్ద కారణం ఇదే.

లాంబ్డా:
కోయాలా వద్దా అని తేల్చే పద్ధతి నాకు చాలా ఇష్టం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ప్రతి సైజు దగ్గరా ఎన్‌కోడర్ రెండు విషయాలు చూస్తుంది: అసలు బొమ్మతో ఎంత తేడా వచ్చింది, ఎన్ని బిట్లు ఖర్చయ్యాయి. బిట్లని లాంబ్డా అనే సంఖ్యతో గుణించి తేడాకి కలుపుతుంది. నాలుగు ముక్కల మొత్తం ఒక్క పెద్ద బ్లాకు కన్నా తక్కువకి వస్తేనే కోత. క్యూపీ (వివరాల్ని ఎంత ముతకగా కుదించాలో చెప్పే సంఖ్య) పెంచితే లాంబ్డా పెరుగుతుంది, బిట్లు ఖరీదైపోతాయి, కోత తగ్గిపోతుంది. తక్కువ బిట్‌రేటులో ఆకులు కూడా ముద్దగా కనిపించేది అందుకే.

కాగితం తీసుకుని ఒకసారి ఈ లెక్క వేసి చూడండి. 8 కన్నా చిన్నది లేదనుకుంటే 16 గడిని ఉంచేయొచ్చు, లేదా కోయొచ్చు, అంటే 2 రకాలు. 32 గడికి రెండుని నాలుగుసార్లు గుణించి ఒకటి కలిపితే 17. 64 గడికి పదిహేడుని నాలుగుసార్లు గుణించి ఒకటి కలిపితే 83,522. ఒక్క గడికే ఇన్ని! కానీ కింది నుంచి పైకి గెలిచినవాటినే పోలుస్తూ వస్తే 1, 4, 16, 64 కలిపి 85 బ్లాకులు చూస్తే చాలు. ఒక ముక్క మీద తీసుకున్న నిర్ణయం పక్కదాన్ని పెద్దగా కదిలించదని అనుకుంటేనే సుమా. మొదటిసారి ఈ లెక్క తేలినప్పుడు ఎంత ఆనందమేసిందో.

కొమ్మా_రెమ్మా:
ఆ 85 లెక్క హెచ్.265 తర్వాతి తరమైన వీవీసీలో కుదరదండి. 2020లో వచ్చిన ఆ ప్రమాణంలో గడి 128 దాకా పోతుంది. నాలుగుగా కోయడమే కాదు, అడ్డంగా గానీ నిలువుగా గానీ రెండుగా, 1:2:1 పాళ్లలో మూడుగా కూడా కోయొచ్చు. గడి మధ్యలో నిటారుగా చెట్టు మాను ఉందనుకోండి, మూడు నిలువు ముక్కలు చేస్తే మాను మధ్య ముక్కలో సరిగ్గా కూర్చుంటుంది. నాలుగు చదరాలే దిక్కయితే ఆ మాను కోసం చాలా కోతలు పడతాయి. బొమ్మకి ఇది చాలా మంచిది. కానీ ఒకే ముక్కకి వేర్వేరు దారుల్లో చేరుకోవచ్చు కాబట్టి వెతుకులాట విపరీతంగా పెరుగుతుంది. ఎన్‌కోడర్ రాసేవాళ్ల కష్టమంతా ఏ కొమ్మ చూడకుండా వదిలేయాలో ముందే పసిగట్టడంలోనే ఉంటుంది.

వేకువ_ఫ్రేమ్:
ఇదంతా అర్థమైంది, చాలా థాంక్స్. మరి మెట్లు ఎందుకు వస్తున్నట్టు?

మంచుతెర:
పొగమంచు వీడియోలతో నేను పడిన బాధే ఇది. మీ ఆకాశం పైనుంచి కిందికి 20 వెలుగు స్థాయిలే మారుతోందనుకోండి. అది 1,000 వరుసల మేర పరుచుకుంటే 8 బిట్‌లో (మొత్తం 256 స్థాయిలు) ఒక్కో మెట్టు 50 వరుసల వెడల్పు ఉంటుంది. కెమెరా నుంచి వచ్చిన సన్నటి నాయిస్ ఆ అంచుల్ని చెదరగొట్టి కప్పేస్తుంది. ఎన్‌కోడర్ ఆ నాయిస్‌ని అనవసరమని తుడిచేయగానే మెట్లు బయటపడతాయి. బ్లాకు 64 అయినా 16 అయినా తుడిచేది తుడిచేస్తుంది. 10 బిట్‌లో స్థాయిలు నాలుగు రెట్లు కాబట్టి అదే ఆకాశానికి 80 దొరుకుతాయి, మెట్టు సుమారు 12 వరుసలకి తగ్గుతుంది, కన్ను పట్టుకోలేదు. సోర్సు 8 బిట్ అయినా సరే 10 బిట్‌లో ఎన్‌కోడ్ చేయండి. సీటీయూ మళ్లీ 64 పెట్టండి. ఏక్యూ మోడ్ 3 అనే సెట్టింగ్ కూడా పెట్టి చూడండి, అది మెత్తగా, చీకటిగా ఉన్న చోట్ల క్యూపీ తగ్గించి బిట్లు అటు మళ్లిస్తుంది.

ఎనిమిది_థ్రెడ్లు:
స్పీడు గురించి ఒక్క మాట. ఒక్కో గళ్ల వరుసని ఒక్కో థ్రెడ్ (ప్రాసెసర్‌లో మిగతావాటితో పాటే నడిచే పని) పట్టుకుంటుంది, పై వరుస కన్నా రెండు గళ్లు వెనకగా నడుస్తుంది. 1080లో 64 గళ్లయితే వరుసలు 17, 32 అయితే 34. కోర్లు ఎక్కువున్న మెషీన్‌లో కొన్ని ఖాళీగా కూర్చుంటున్నాయంటే సీటీయూ 32 పెట్టుకోవడం తప్పేమీ కాదు. 4కేకి మాత్రం 64తోనే వరుసలు 34 వస్తాయి, మార్చక్కర్లేదు.

వేకువ_ఫ్రేమ్:
మంచుతెర గారూ, మెట్లు పోయాయి! 10 బిట్, ఏక్యూ 3, సీటీయూ 64. టీవీలో ఆపి ఆపి చూశాను, ఆకాశం నున్నగా ఉంది. గళ్లనోటు గారు చెప్పింది కళ్లారా చూద్దామని గళ్లు గీసి చూపించే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచాను. పైనంతా పెద్ద పెద్ద ఖాళీ గళ్లు, కింద ఆకుల దగ్గర పిండి చల్లినట్టు చిన్న గళ్లు. ఒక చోట పక్షి ఒకటి ఆకాశాన్ని దాటుతోంది. అది ఏ గడిలో అడుగు పెడితే ఆ గడి 8 ముక్కల దాకా చిట్లిపోతోంది, అది దాటి వెళ్లిన కాసేపటికి మళ్లీ ఒకే 64 అయిపోతోంది. ఫ్రేము ఫ్రేముగా నడుపుతూ గంటసేపు అదే చూస్తూ కూర్చున్నాను. సీను మారే చోట మొదటి ఫ్రేములో మాత్రం ఆకాశం కూడా బాగా ముక్కలైంది. రేపు ఆ భాగాన్ని విడిగా కత్తిరించి ఇక్కడ పెడతాను, లాంబ్డా గారు ఒకసారి చూడాలి.