గొడుగు యాంటెన్నా ఉన్న స్టాంపుల్లో వాతావరణానివి ఏవి? మా బిడ్డ ఆల్బం కోసం సాయం చేయండి

ప్రశ్న, కాజీపేట నుంచి:

అందరికీ నమస్తే. మా బిడ్డ ఎనిమిదో తరగతి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది గుర్తుందా? ఆ రోజుల్లో మా వీధిలోకీ నీళ్ళొచ్చాయి. టీవీలో చూపించిన మేఘాల బొమ్మ అప్పటి నుంచి తన మనసులో ఉండిపోయింది. ఈ మధ్య మా నాన్న దాచిన స్టాంపుల ఆల్బం చేతికొచ్చింది. ఇక వాతావరణ ఉపగ్రహాలు, వాటి యాంటెన్నాలు, అవి తీసిన ఫొటోలు ఉన్న స్టాంపులే పోగుచేస్తానని పట్టుబట్టింది.

నాకు మూడు ఇబ్బందులున్నాయి. వాతావరణ ఉపగ్రహాల స్టాంపులు 50 అని రాసి ఉన్న ప్యాకెట్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. విప్పి చూస్తే సగానికి సగం గొడుగు యాంటెన్నాలు, రాకెట్లే. ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో తెలియడం లేదు. రెండోది, నాన్న ఆల్బంలో ఒక పేజీ చెమ్మకు అతుక్కుపోయింది. లాగితే చిరుగుతాయేమోనని ముట్టుకోలేదు. మూడోది, మన దగ్గర స్టాంపులు ఎక్కడ కొనాలి?

జవాబు, హన్మకొండ నుంచి:

తమ్ముడూ, ముప్పై ఏళ్ళుగా అంతరిక్షం స్టాంపులు పోగుచేస్తున్నాను. మీ బిడ్డ ఎంచుకున్న అంశం చాలా మంచిది. అయితే గొడుగు కనిపించగానే వాతావరణం అనుకోవద్దు. మన దేశం స్టాంపే తీసుకోండి. 1972 ఫిబ్రవరిలో వచ్చిన 20 పైసల స్టాంపు మీద ఉన్నది పుణె దగ్గర ఆర్వీలో నేల మీది ఉపగ్రహ కేంద్రం. అది విదేశాలతో ఫోన్ల కోసం, సమాచారం కోసం కట్టింది. 1962లో ఫ్రాన్స్ వేసిన ప్లూమర్ బోదూ స్టాంపూ అంతే, టెల్‌స్టార్ అనే సమాచార ఉపగ్రహం ద్వారా అమెరికా నుంచి టీవీ బొమ్మ అందుకున్న కేంద్రం అది. రెండూ అందమైన స్టాంపులే, కానీ మీ బిడ్డ ఆల్బంలోకి రావు.

కాబట్టి ముందు ఉపగ్రహం ఆకారం చూడమనండి. పదింతలు పెద్దగా చూపే భూతద్దం ఒకటి కొనివ్వండి. మొట్టమొదట విజయవంతమైన వాతావరణ ఉపగ్రహం అమెరికా వాళ్ళ టైరోస్-1. 1960 ఏప్రిల్ 1న పైకి వెళ్ళి, 78 రోజులు పనిచేసి, దాదాపు 23 వేల ఫొటోలు పంపింది. అది డప్పులా గుండ్రంగా, పలకలు పలకలుగా ఉంటుంది. అడుగు నుంచి నాలుగు కడ్డీలు వాలుగా దిగుతాయి. అవే యాంటెన్నాలు. నింబస్ అయితే రెండు రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఉంటుంది. రష్యా వాళ్ళ మెటియోర్‌కు నిలువు గొట్టం లాంటి ఒళ్ళు, రెండు పక్కలా సౌర పలకలు. యూరప్ వాళ్ళ మెటియోశాట్ 1977లో మొదలైంది. దానికి రెక్కలే ఉండవు, డ్రమ్ములా తన చుట్టూ తాను తిరుగుతుంది. నున్నటి గోళానికి నాలుగు పొడుగాటి కడ్డీలు ఉంటే అది స్పుత్నిక్, దాన్ని పక్కన పెట్టేయండి.

మన ఇన్శాట్‌ల సంగతి నాకు ఇంకా ఇష్టం. ఇన్శాట్-1, 2 తరాల్లో వాతావరణ కెమెరా ఉన్న ఉపగ్రహాలకు సౌర పలకలు ఒక్క పక్కనే ఉంటాయి, రెండో పక్క సన్నటి కర్ర చివర తెరచాప లాంటిది ఉంటుంది. ఎందుకంటే మేఘాలను పరారుణ కాంతిలో చూసే కెమెరా బాగా చల్లగా ఉండాలి. దాన్ని చల్లబరిచే భాగానికి ఎదురుగా వట్టి ఆకాశమే కనపడాలి, వేడెక్కిన పలక అడ్డం రాకూడదు. 2002లో వెళ్ళిన కల్పన-1కూ పలక ఒక్క వైపే. స్టాంపు మీద ఇన్శాట్ కనిపిస్తే రెక్కలు లెక్కపెట్టమనండి. ఒంటి రెక్క ఉంటే అందులో వాతావరణ కెమెరా ఉందనడానికి అది మంచి ఆనవాలు.

తర్వాత అక్షరాలు చూడాలి. ఫ్రెంచి మాట్లాడే ఆఫ్రికా దేశాల స్టాంపుల మీద ఓ, ఎం, ఎం అని మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటే అది ప్రపంచ వాతావరణ సంస్థ పేరు. ఆ సంస్థ దినోత్సవం మార్చి 23, ఆ రోజుకు చాలా దేశాలు స్టాంపులు వేశాయి. 1968లో ప్రపంచ వాతావరణ పరిశీలన కార్యక్రమం పేరిట, 1973లో ఆ సంస్థకు ముందున్న సంస్థ నూరేళ్ళ పేరిట గుంపులు గుంపులుగా వచ్చాయి. ఈ రెండేళ్ళవి వెతికితే ఆల్బంలో సగం నిండుతుంది. మన వాతావరణ శాఖ 1875లో పుట్టింది, నూరేళ్ళ స్టాంపు 1975లో వచ్చింది. అది తప్పకుండా పెట్టండి.

ప్యాకెట్ల గురించి ఒక మాట. వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉండి, ముందు ఒక మూలన గుండ్రటి పోస్టు ముద్రలో పావు వంతు అందంగా పడి ఉంటే అది ఉత్తరం మీద తిరిగిన స్టాంపు కాదు. అమ్మకం కోసమే ముద్ర కొట్టినది. పాత సోవియట్ స్టాంపులు, 1960లలో అజ్మాన్, ఫుజైరా అనే చిన్న గల్ఫ్ రాజ్యాల పేరిట వచ్చినవి ఎక్కువగా ఇలాగే దొరుకుతాయి. పిల్లలు నేర్చుకోవడానికి బాగానే ఉంటాయి, ఎక్కువ ధర మాత్రం పెట్టవద్దు.

కొనడం సులువే. హెడ్ పోస్టాఫీసుకు వెళ్ళి ఫిలాటెలిక్ డిపాజిట్ ఖాతా, అంటే స్టాంపులు పోగుచేసేవాళ్ళ ఖాతా, అని అడగండి. 200 రూపాయలతో తెరవొచ్చు, కొత్త స్టాంపులు ఇంటికే వస్తాయి. హైదరాబాద్ వెళ్తే ఆబిడ్స్ జీపీవోలో ఫిలాటెలిక్ బ్యూరో ఉంది. ఇంకోటి, ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు దీన్ దయాళ్ స్పర్శ్ యోజన కింద ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్ ఉంది. బడిలో స్టాంపుల క్లబ్బు లేకపోయినా సొంత ఖాతా ఉంటే చాలు. మార్కులు బాగుండాలి, క్విజ్, ప్రాజెక్టు ఉంటాయి. వచ్చే ఏడాది బిడ్డ తొమ్మిదికి వస్తుంది కదా, ఖాతా ఇప్పుడే తెరవండి.

జవాబు, కరీంనగర్ నుంచి:

అన్నా, అతుక్కున్న పేజీ సంగతి నేను చెప్తాను. లాగవద్దు, కత్తి మొన పెట్టవద్దు, ఆవిరి అసలే వద్దు. ముద్ర పడిన పాత స్టాంపులైతే వెడల్పు గిన్నెలో మామూలు నీళ్ళు పోసి అరగంట నానబెట్టండి, వాటంతటవే ఊడతాయి. రంగు కాగితం మీద అతికినవి విడిగా నానబెట్టాలి, లేకపోతే ఆ రంగు అన్నింటికీ పడుతుంది.

జిగురున్న కొత్త స్టాంపులు నీళ్ళలో వేస్తే జిగురు పోతుంది. వాటికి నేను చేసే పని ఇది. మూత గట్టిగా పడే స్టీలు డబ్బా అడుగున తడిపి పిండిన బట్ట వేస్తాను. దాని మీద చిన్న గిన్నె బోర్లించి, ఆ గిన్నె మీద పిండి జల్లెడ, జల్లెడలో స్టాంపులు. నీటి చుక్క తగలకూడదు, చెమ్మ గాలి మాత్రమే తగలాలి. మూతపెట్టి గంటకోసారి చూస్తుండాలి. మూడు నాలుగు గంటలకు అంచు కొంచెం లేస్తుంది. అప్పుడు స్టాంపుల చిమటాతో ఆ అంచు పట్టి నెమ్మదిగా, స్టాంపును కాక కింది కాగితాన్నే వెనక్కి వంచుతూ తీయాలి. రాకపోతే మళ్ళీ డబ్బాలో పెట్టండి. వచ్చాక జిగురు వైపు పైకి ఉంచి తెల్ల కాగితం మీద ఆరబెట్టండి. పూర్తిగా ఆరాకే పుస్తకం కింద పెట్టండి.

మన దగ్గర వానాకాలంలో గోడకు ఆనించిన అల్మారాలో ఆల్బం ఉంచవద్దు. నిలబెట్టి ఉంచండి, పక్కన చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లం వేయండి. సెల్లోటేపు, బంక పేజీల ఫొటో ఆల్బం ఈ రెండూ స్టాంపును పాడుచేస్తాయి.

జవాబు, వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడు:

అన్నా, నేలమీది యాంటెన్నాల గురించి చిన్న గుర్తు. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఒకేచోట ఉన్నట్టు కనిపించే ఉపగ్రహానికి కదలని గొడుగు చాలు. ధ్రువాల మీదుగా 800 కిలోమీటర్ల ఎత్తున పోయేది మన నెత్తి మీద పది, పదిహేను నిమిషాలే ఉంటుంది. దానికి వెంట తిరిగే యాంటెన్నా వాడేవారు. పాత టీవీ యాంటెన్నాలా పొడుగ్గా ఉండి, అడ్డ కడ్డీలు ప్లస్ గుర్తులా ఉంటే అది ఆ రకమే కావొచ్చు. పెద్ద తెల్ల బంతి ఉంటే లోపల రాడార్ ఉందేమో చూడాలి. రాడార్ వానను నేల నుంచి చూస్తుంది, దానికి వేరే పేజీ పెట్టండి.

మేఘాల ఫొటో ఉన్న స్టాంపులో తుపాను సుడి ఎటు తిరిగిందో కూడా చూడమనండి. మన బంగాళాఖాతంలో గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది.

తనకు ఇష్టమైతే ఉపగ్రహం పంపే మేఘాల ఫొటోలు మనమే అందుకునేలా మేడ మీద చిన్న యాంటెన్నా కడదాం. 53.4 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు, మధ్య 120 డిగ్రీల కోణం, ఒక యూఎస్‌బీ రేడియో డాంగిల్, ల్యాప్‌టాప్. అమెరికా వాతావరణ సంస్థ నోవా పాత ఉపగ్రహాలు 2025లో ఆపేశారు, రష్యా మెటియోర్లు 137 మెగాహెర్ట్జ్ దగ్గర ఇంకా పంపుతున్నాయి. ఆదివారం నేనే వస్తాను.

మళ్ళీ కాజీపేట నుంచి:

అందరికీ చేతులెత్తి నమస్కారం. రాత్రంతా కూర్చుని 50 స్టాంపులూ చూశాం. 19 మిగిలాయి. ఒకదాంట్లో సుడి గడియారం ముల్లు వైపే తిరిగింది. అచ్చు తప్పా?

హన్మకొండ నుంచి:

ఏ దేశానిదో చూడండి. భూమధ్యరేఖకు దిగువ దేశమైతే అక్కడ సుడి అటే తిరుగుతుంది. సరిగ్గానే వేశారు.

కాజీపేట నుంచి:

దిగువ దేశమే సార్! బిడ్డ ఎగిరి గంతేసింది. అతుక్కున్న పేజీ కూడా కరీంనగర్ అక్క చెప్పినట్టే జల్లెడ మీద పెట్టాం. నాలుగు గంటలు పట్టింది. మొదట ఊడింది ఆర్యభట్ట 25 పైసల స్టాంపు. దాని కింద పేజీ మీద మా నాన్న పెన్సిల్‌తో రాసుకున్న తేదీ ఉంది, 20-4-75. ఉపగ్రహం పైకి వెళ్ళిన మర్నాడే కొన్నట్టున్నారు. ఆర్యభట్ట వాతావరణ ఉపగ్రహం కాదని బిడ్డే చెప్తోంది. మరి దీన్ని ఎక్కడ పెట్టమంటారు?

హన్మకొండ నుంచి:

మొదటి పేజీలో పెట్టండి తమ్ముడూ. ఆ పెన్సిల్ రాత ఉన్న ముక్కను కూడా కత్తిరించి పక్కనే ఉంచండి.