"మార్చునట్టి దడ్డ"మా, "మారునట్టి దడ్డ"మా?

జిజ్ఞాసి:
ప్రయోగంలో తీసిన రీడింగులను గ్రాఫు కాగితం మీదికి ఎక్కించేటప్పుడు ఏది అడ్డం, ఏది నిలువు అని చెప్పే ఆటవెలది ఒకటుంది. మొదటి పాదం "...నట్టి దడ్డ, ...నది నిలువు" అని నడుస్తుంది. ఖాళీల్లో ఉండేవి "మార్చు", "మారు" అన్నంతవరకు అనుమానం లేదు. ఏది ముందు, ఏది వెనక? తెలిసినవారు మిగతా పాదాలు కూడా పూరించగలరు.

ఛందోమిత్ర:
గణాలు వేస్తే తేలుతుందనిపిస్తుంది గానీ తేలదు. "మార్చు" గలం, "మారు" గలం. నాలుగో గణంలో "మార్చున", "మారున" రెండూ భగణాలే. యతి "మా"కి "మా", ఎటు తిప్పినా చెడదు. అర్థం తలకిందులైనా పద్యం చెక్కుచెదరదన్నమాట. కాబట్టి ఛందస్సును సాక్ష్యానికి పిలవకండి.

పాఠాంతర:
పూర్తి పద్యం ఇలా వినబడుతుంది:

మార్చునట్టి దడ్డ, మారునది నిలువు
కొలతలెల్ల చుక్క గుర్తు పెట్టు
చుక్క చుక్క గలుప చొప్పడ దెన్నడు
సాగు గీత నడుమ సమముగాను

కర్త పేరు ఎక్కడా లేదు. రెండో పాదంలో "కొ"కి "గు" వర్గయతి, బాగా పడింది. "మార్చునట్టి దడ్డ" అన్నదే సరైన పాఠమని నా పక్షం. లోలకం పొడవును మనం మారుస్తాం, ఆవర్తన కాలం దాన్నిబట్టి మారుతుంది. మార్చింది అడ్డం, మారింది నిలువు. ఇందులో తగవేముంది?

వ్యాకరణప్రియ:
తగవు ఉంది. "మార్చునది" అన్న మాటను రెండు రకాలుగా విప్పవచ్చు. మనం దేన్ని మారుస్తామో అది, లేదా మరొకదాన్ని మార్చేది. "వండేది" అంటే వంటకమూ కావచ్చు, వండే మనిషీ కావచ్చు కదా. అయితే ఇక్కడ ఒక విశేషం గమనించండి. ఏ అర్థం తీసుకున్నా పొడవే వస్తుంది: పొడవును మనం మారుస్తాం, ఆ పొడవు ఆవర్తన కాలాన్ని మారుస్తుంది. సకర్మక క్రియ కారణం వైపు, అకర్మక క్రియ ఫలితం వైపు నిలబడ్డాయి. ఛందస్సు చెప్పలేనిది వ్యాకరణం చెప్పింది. "మార్చునట్టి దడ్డ"యే.

కాలరేఖ:
వ్యాకరణప్రియ గారూ, వేడినీళ్లు చల్లారే ప్రయోగం తీసుకోండి. 80 డిగ్రీల నీటిలో థర్మామీటరు ఉంచి 2 నిమిషాలకోసారి రీడింగు తీస్తాం. అడ్డం మీద వేసేది కాలం. దాన్ని ఎవరు మార్చారు? మనం మార్చలేదు, దానంతట అదే మారుతోంది. పోనీ ఉష్ణోగ్రతను కాలం మార్చిందా అంటే అదీ కాదు, నీటికీ గదికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా మార్చింది. అందుకే ఆ వక్రం మొదట ఏటవాలుగా దిగి, తేడా తగ్గేకొద్దీ చదునవుతుంది. బడి ప్రయోగాల్లో ఎన్నో కాలంతో ముడిపడ్డవే: మొలక ఎత్తు, మంచు కరగడం, ద్రావణం ఆవిరవడం. వీటన్నిటికీ "మారునట్టి దడ్డ" అన్న పాఠమే నప్పుతుంది.

పాఠాంతర:
అప్పుడు రెండో సగం "మార్చునది నిలువు" అవుతుంది. ఉష్ణోగ్రత దేన్ని మారుస్తోంది? మీ పాఠం మొదటి సగంలో నిలబడి రెండో సగంలో కూలిపోతోంది.

కాలరేఖ:
రెండో సగంలో కూడా "మారునది" అని చదవండి. "మారునట్టి దడ్డ, మారునది నిలువు." రెండూ మారేవే.

ఛందోమిత్ర:
గణాలు కుదురుతాయి. కానీ రెండూ మారేవే అయితే ఇక పద్యం చెప్పేదేమిటి?

వాలుచూపు:
ఒకటి అందరూ వదిలేశారు. "మారునట్టి దడ్డ, మార్చునది నిలువు" అన్న తిరగేసిన పాఠానికి కూడా ప్రయోగశాలలో చోటుంది. స్ప్రింగుకు 50 గ్రాముల బరువులు ఒకదాని కింద ఒకటి వేలాడదీసి సాగుదల కొలిచే ప్రయోగం చూడండి. మనం మార్చేది బరువు, మారేది సాగుదల. మీ సూత్రం ప్రకారం బరువు అడ్డం. కానీ బలాన్ని నిలువున, సాగుదలను అడ్డాన వేస్తే గీత వాలు నేరుగా స్ప్రింగు స్థిరాంకం అవుతుంది. ప్రతి 50 గ్రాములకు 2 సెం.మీ. సాగితే బలం 0.49 న్యూటన్లు, సాగుదల 0.02 మీటర్లు, కాబట్టి వాలు మీటరుకు 24.5 న్యూటన్లు. మామూలు పద్ధతిలో వేస్తే వాలు తలకిందులుగా వచ్చి మళ్లీ భాగించాలి. వోల్టేజి, విద్యుత్ ప్రవాహం గ్రాఫూ అంతే. వోల్టేజిని నిలువున వేస్తే వాలే నిరోధం. అంటే మార్చినదాన్ని నిలువున వేయడం తప్పేమీ కాదు, వాలుతో ఏం తేల్చుకోవాలో ముందే తెలిసినవారి పద్ధతి. ఈ పాఠం వారిదై ఉండవచ్చు.

మకుటధారి:
ఆటవెలది అనగానే వేమన గుర్తొస్తాడు. అలా అనుకరించి ఎవరైనా అల్లారేమో?

ఛందోమిత్ర:
ఆ కోవది కాదు. వేమన పద్యంలో నాలుగో పాదం మకుటానిది, చెప్పాల్సింది మూడు పాదాల్లోనే ముగియాలి. ఇక్కడ నాలుగో పాదంలో కూడా పని ఉంది.

మకుటధారి:
సరే, కానీ వేమన పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. "ఉప్పు కప్పురంబు" పద్యంలో "చూడ చూడ రుచుల జాడ వేరు" అంటాడు. ఈ "చూడ చూడ" కంటిచూపు కాదు. కంటికి రెండూ ఒక్క పోలికే అని మొదటి పాదమే చెప్పేసింది. ఇది రుచి చూడడం, అదీ మళ్లీ మళ్లీ. ప్రయోగంలో ఒకే కొలతను మూడుసార్లు తీయమనడానికి తెలుగులో ఇంతకంటే మంచి మాట లేదు. ఒక్క రీడింగుతో ఉప్పో కప్పురమో తేలదు.

పాఠాంతర:
"చూడ చూడ"లో కంటిచూపు కూడా ఉందని నేనంటాను. పైపైన చూస్తే ఒకటే, నిదానించి చూస్తే వేరు అన్న అర్థం చెడదు. వేమన పద్యాలను సేకరించి బ్రౌన్ 1829లో అచ్చువేశాడు. ఒకే పద్యానికి ఎన్ని పాఠాలు తిరిగాయో ఆ సేకరణ చూసినవారికి తెలుసు.

గణకప్రియ:
వేమన దాకా ఎందుకు, పావులూరి మల్లనను అడగండి. 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. లెక్కను పద్యంలో ఇమిడ్చే విద్య ఆయనది. ఈ పద్యానికి మూలం ఆయన దగ్గర ఉండవచ్చు.

వాలుచూపు:
కుదరదు గణకప్రియ గారూ. నిరూపకాలకు పునాది పడింది 1637లో, డెకార్ట్ జ్యామితితో. రీడింగులను గీతలుగా, కమ్మీలుగా చూపే పద్ధతిని ప్లేఫెయిర్ 1786లో అచ్చులోకి తెచ్చాడు. అడ్డం, నిలువు, చుక్క, సాగే గీత అన్నీ ఉన్న పద్యం అంతకు ముందుదై ఉండే వీలు లేదు.

గణకప్రియ:
మూలం అన్న మాట వదిలేస్తాను. లెక్కల పద్యం అనగానే మల్లనను తలవకుండా ఉండలేను, అది మాత్రం వదలను.

పట్టికాప్రియ:
మొదటి పాదం కోసం ఇంత పోరు జరుగుతోంది, "కొలతలెల్ల" అన్న మాటను ఎవరూ ముట్టుకోలేదు. చుక్క పెట్టాల్సింది అన్ని కొలతలకా, సగటుకా? లోలకానికి పట్టిక ఇలా గీస్తాం. మొదటి నిలువు వరుసలో పొడవు, తర్వాతి మూడింటిలో 20 డోలనాల కాలం మూడుసార్లు, ఆపై సగటు, దాన్ని 20తో భాగిస్తే వచ్చే ఆవర్తన కాలం, చివర దాని వర్గం. ప్రమాణాలు శీర్షికలో ఒక్కసారి రాస్తే చాలు, ప్రతి గడిలో అక్కర్లేదు. 25 సెం.మీ. దగ్గర 20.1, 20.0, 20.2 సెకన్లు వస్తే సగటు 20.1. "20.0"లో చివరి సున్నాను తీసేయకూడదు, పదోవంతు దాకా కొలిచామని చెప్పేది అదే. 50 దగ్గర 28.4, 75 దగ్గర 34.8, 100 దగ్గర 40.1 వస్తాయి. ఆవర్తన కాలాన్ని నేరుగా వేస్తే వక్రం వస్తుంది, వర్గం వేస్తే సరళరేఖ. వర్గాలు వరుసగా 1.01, 2.02, 3.03, 4.02. ఒక గడికి 0.2 చొప్పున నిలువు స్కేలు తీసుకుంటే కాగితం నిండుతుంది. గడికి 3 అనో 7 అనో తీసుకుంటే చిన్న గడుల్లో చుక్క పెట్టే ప్రతిసారీ లెక్క తప్పుతుంది.

పద్యం దగ్గరికి వస్తే, "కొలతలెల్ల" అన్నది మూడు రీడింగులకూ వర్తిస్తుందనే నా పట్టు. సగటును మాత్రమే వేస్తే చెదురు ఎంతుందో గ్రాఫులో కనబడదు.

పాఠాంతర:
మూడింటికీ చుక్కలు పెట్టి, సగటుకు వేరే గుర్తు పెడితే ఇద్దరి మాటా నెగ్గుతుంది. ఎటుతిరిగీ తేడాగా ఉన్న రీడింగును చెరిపేయకూడదు. పట్టికలో అలాగే ఉంచి, చుట్టూ సున్న చుట్టి, ఆ పొడవు దగ్గర మళ్లీ కొలవాలి.

వాలుచూపు:
మూడో పాదం మీద అభ్యంతరం. "చొప్పడ దెన్నడు"లో ఆ "ఎన్నడు" అతి. మంచును వేడిచేసే ప్రయోగంలో కరుగుతున్నంతసేపు ఉష్ణోగ్రత 0 దగ్గర నిలిచి, తర్వాత పెరుగుతుంది. అక్కడ నడుమ ఒక్క గీత సాగదీస్తే ఆ మెట్టే మాయమవుతుంది. చుక్కల వెంటే వెళ్లాలి.

వ్యాకరణప్రియ:
వెళ్లాల్సిందే, కానీ చుక్కచుక్కనూ స్కేలుతో కలపడం వేరు, చుక్కల వెంట నున్నగా వక్రం గీయడం వేరు. పద్యం కాదన్నది మొదటిదాన్నే.

కాలరేఖ:
కంప్యూటరులో గీసేవారు ఇక్కడే బోల్తాపడతారు. స్ప్రెడ్‌షీట్‌లో "లైన్" ఎంచుకుంటే అడ్డం విలువలను వట్టి పేర్లుగా తీసుకుని సమాన దూరాల్లో పేరుస్తుంది. 0, 1, 2, 5, 10 నిమిషాల రీడింగులు ఒకే ఎడంతో కూర్చుంటాయి, వక్రం ఆకారమే మారిపోతుంది. "స్కాటర్" ఎంచుకోవాలి.

పట్టికాప్రియ:
నాలుగో పాదంలో "సమముగాను" అంటే ఏది సమం? గీతకు అటూ ఇటూ చుక్కల సంఖ్యా, దూరాలా? నాలుగు చుక్కలు కొంచెం పైన ఉండి, ఒకటి బాగా కింద ఉంటే సంఖ్య చెప్పే గీత వేరు, దూరం చెప్పే గీత వేరు. దూరాల వర్గాల మొత్తం కనిష్ఠం కావాలన్న పద్ధతిని లెజాండ్ర్ 1805లో ప్రకటించాడు. పారదర్శక స్కేలుతో గీసే గీత కూడా కంటితో చేసే ఆ పనే. వాలును ఆ గీత మీద దూరంగా ఉన్న రెండు బిందువులతో తీయాలి, పట్టికలోని రీడింగులతో కాదు. గీతను మూలబిందువు గుండా బలవంతంగా లాగకూడదు. లోలకం పొడవును 2 సెం.మీ. వ్యాసమున్న గుండు మధ్య దాకా కొలవకుండా పైఅంచు దాకానే కొలిస్తే పొడవు 1 సెం.మీ. తగ్గుతుంది. గీత నిలువు అక్షాన్ని 0.04 దగ్గర తాకుతుంది, వాలు మాత్రం, పొడవును మీటర్లలో వేస్తే, 4.03 దగ్గరే ఉంటుంది. మూలబిందువుకు లాగితే ఆ ఆధారమే పోతుంది. అదే లెక్కపెట్టడంలో "ఒకటి" అంటూ గడియారం నొక్కితే 20 అనుకున్నవి 19 డోలనాలే అవుతాయి. గీత సరళంగానే ఉంటుంది, మూలబిందువు గుండానే పోతుంది, వాలు నుంచి తీసే గురుత్వ త్వరణం మాత్రం 9.8 బదులు 10.9 వస్తుంది. ఆ పొరపాటును గ్రాఫు పట్టివ్వదు. "సున్న" అంటూ మొదలుపెట్టాలి.

ఛందోమిత్ర:
నాలుగో పాదానికి "సాగు గీత నడుపు సమముగాను" అన్న పాఠం కూడా ఉండవచ్చు. "నడుమ", "నడుపు" రెండూ నగణాలే. "నడుపు" అయితే గీయమన్న విధి వస్తుంది, రెండో పాదంలోని "పెట్టు"తో జత కుదురుతుంది. "నడుమ" పాఠంలో క్రియే లేదు.

పాఠాంతర:
"సాగు" విధ్యర్థంగా ఉండగా క్రియ లేదంటారేమిటి? "గీత నడుమ సాగనీ" అన్న భావం స్పష్టంగానే ఉంది. పైగా "నడుమ" పోతే గీత ఎక్కడ గీయాలో చెప్పే ఒక్క మాటా పోతుంది.

ఛందోమిత్ర:
"సాగు గీత"ను సాగే గీత అని సమాసంగా చదివితే?

జిజ్ఞాసి:
మొదటి పాదం సంగతి?

వ్యాకరణప్రియ:
ముందు ఈ "సాగు" తేలనివ్వండి. ధాతుజ విశేషణమైతే "నడుపు" నెగ్గుతుంది, విధి అయితే "నడుమ".