ఒకే సభ, మూడు పేపర్లు: పార్టీకీ మీడియాకీ ముడి బయట దేశాల్లో ఎట్టా ఉంది?

కావలి కాలవ (ప్రశ్న)

జరిగింది ఒకే బహిరంగ సభ. ఒక జిల్లా పేజీలో ‘జనసంద్రం’, ఇంకోదాంట్లో ‘ఖాళీ కుర్చీలు’, మూడోదాంట్లో అసలు వార్తే లేదు. ఏ పేపరు ఎవరి వైపో నెల్లూరు ట్రంకురోడ్డులో టీ బంకు దగ్గర అడిగినా చెప్తారు, నేనడిగేది అది కాదు. ఈ ముడి బ్రిటన్, అమెరికా, ఇటలీల్లో ఎట్టా ఉంది, చట్టం ఏమన్నా చేయగలిగిందా? రెండోది, ఎన్నికలప్పుడు ఏదన్నా వార్త డబ్బుకి వచ్చిందని అనుమానం వస్తే ఎవరికి, ఏం పెట్టి ఫిర్యాదు చేయాలి? ‘మీడియా అమ్ముడుపోయింది’ అనే జవాబు వద్దన్నా, అది నాకూ వచ్చు.

పెన్నా గట్టు

బ్రిటన్‌లో పేపరుకి ఒక రూలు, టీవీకి ఒక రూలు. పేపరు నచ్చిన పార్టీకి బాకా ఊదుకోవచ్చు. 1992లో కన్సర్వేటివులు నెగ్గాక, గెలిపించింది తామేనని ‘ద సన్’ మొదటి పేజీలోనే చాటుకుంది. టీవీ, రేడియోలకి ఆ వెసులుబాటు లేదు. అక్కడ ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ పెట్టిన నిష్పాక్షికత నిబంధన ఉంది. పైగా 2003 కమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం వాటిల్లో డబ్బు కట్టి రాజకీయ ప్రకటన వేయించుకోవడమే నిషేధం. బదులుగా పార్టీలకి ఉచితంగా కొంత సమయం ఇస్తారు. ఈ నిషేధం యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లి 2013లో నిలబడింది.

అమెరికాలో ప్రకటనలకి అడ్డే లేదు. పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీకి ముందు 45 రోజులు, అసలు ఎన్నికకి ముందు 60 రోజులు అభ్యర్థికి అతి తక్కువ రేటుకే సమయం అమ్మాలని స్టేషన్లకి రూలు. వివాదాస్పద విషయాల్లో రెండు వైపులా చూపించాలనే ‘ఫెయిర్‌నెస్’ నిబంధన 1949 నుంచి 1987 దాకా నడిచింది. అది పోవడం వల్లే రిపబ్లికన్ల వైపు మొగ్గే ఫాక్స్ న్యూస్ పుట్టిందని చాలామంది రాస్తుంటారు గానీ, ఆ లెక్క సరిగ్గా అతకదు. నిబంధన ఉద్దేశించింది లైసెన్సు మీద గాలితరంగాలు వాడే స్టేషన్లని. 1996లో వచ్చిన ఫాక్స్ కేబుల్ చానల్. దెబ్బ ముందు కనబడింది రేడియో చర్చల్లో.

ఇటలీ మనకి బాగా దగ్గర. ప్రభుత్వ సంస్థ రాయ్‌లో మూడు చానళ్లని పార్టీలు వాటాలేసుకున్నాయి: ఒకటోది క్రిస్టియన్ డెమోక్రాట్లకి, రెండోది సోషలిస్టులకి, మూడోది కమ్యూనిస్టులకి. మన పంచాయతీ చెరువు వేలం కూడా ఇంత పద్ధతిగా జరగదు! ఇక ప్రైవేటులో పెద్ద చానళ్లు మూడూ అప్పట్లో వ్యాపారవేత్త బెర్లుస్కోనీవే. ఆయన 1994లో పార్టీ పెట్టి అదే ఏడాది ప్రధాని అయ్యాడు. ఎన్నికల వేళ అందరికీ సమాన అవకాశం ఇవ్వాలని 2000లో చట్టం చేస్తే, 2001లో మళ్లీ ఆయనే గెలిచాడు. గడియారం పట్టుకుని నిమిషాలు కొలిచే చట్టానికి యజమాని కనబడడు.

జర్మనీ ఆ యాజమాన్యం దగ్గరే చేయి పెట్టింది. ప్రభుత్వ చానల్ జడ్‌డీఎఫ్ పర్యవేక్షణ మండళ్లలో ప్రభుత్వానికీ పార్టీలకీ చెందినవాళ్లు మూడో వంతు మించకూడదని 2014లో రాజ్యాంగ కోర్టు తేల్చింది. నా లెక్కలో పనిచేసేది ఇలాంటి కట్టడే.

సూళ్లూరుపేట బోర్డరు

గట్టు గారూ, యజమానితో పాటు వైరు సంగతీ చూడాలి. మాకు కాస్త దూరం పోతే తమిళనాడే. అక్కడ సన్ టీవీ డీఎంకే పెద్దల కుటుంబం వైపు, జయ టీవీ ఇంకో వైపు అని అందరికీ తెలుసు. అసలు గొడవ ఇంటికొచ్చే కేబుల్ ఎవరి చేతిలో ఉందన్నది. 2007లో డీఎంకే ప్రభుత్వమే, సన్ వాళ్లతో చెడినప్పుడు, అరసు అనే ప్రభుత్వ కేబుల్ సంస్థ పెట్టింది. తర్వాత రాజీ కుదిరి అది మూలబడింది. 2011లో జయలలిత వచ్చి మళ్లీ లేపింది. చానల్ నోరు మూయించక్కర్లేదు, ఎవరికీ అందని నంబరుకి తోస్తే చాలు.

పెరూ సంగతి ఇంకా విడ్డూరం. అధ్యక్షుడు ఫుజిమోరి హయాంలో గూఢచారి పెద్ద మోంటెసినోస్ జడ్జీలకీ ఎంపీలకీ ఇచ్చినదానికంటే టీవీ యజమానులకి ఎన్నో రెట్లు ఎక్కువ ముట్టజెప్పాడు. చూసేవాళ్లు తక్కువని ఒక చిన్న కేబుల్ చానల్‌ని మాత్రం కొనలేదు. 2000 సెప్టెంబరులో అతను లంచమిస్తున్న వీడియో మొదట వచ్చింది దాంట్లోనే. నవంబరుకి ఫుజిమోరి జపాన్ నుంచి ఫ్యాక్సులో రాజీనామా పంపాడు.

హంగరీలో కొనడం కూడా లేదు. 2018 నవంబరులో ప్రభుత్వానికి దగ్గరి యజమానులు 400 పైగా పత్రికలూ చానళ్లూ సైట్లూ ఒకే ఫౌండేషనుకి ఉచితంగా రాసిచ్చేశారు. దేశానికి కీలకమంటూ ప్రభుత్వం దాన్ని పోటీ చట్టం తనిఖీ నుంచి తప్పించింది.

అయితే పక్షం ఉన్న పేపరంతా చెడ్డదని తీర్మానించకండి. మన దూబగుంట సారా పోరాటానికి 1992లో ‘ఈనాడు’ ఇచ్చినంత చోటు ఇంకెవరూ ఇవ్వలేదు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. వైపు ఉండబట్టే అంత పట్టుగా మోసిందా అన్న వాదన వేరే.

కర్నూల్ రోడ్, ఒంగోలు

రెండో ప్రశ్నకి నేను చెప్తా. జిల్లాలో ఎంసీఎంసీ అని మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీ ఉంటుంది. ఫిర్యాదు దానికే ఇవ్వాలి. గడియారం చాలా చిన్నది: అచ్చయిన లేదా ఫిర్యాదు అందిన 96 గంటల్లో రిటర్నింగ్ అధికారి అభ్యర్థికి నోటీసు ఇవ్వాలి. 48 గంటల్లో జవాబు రాకపోతే కమిటీ మాటే ఖాయం. అభ్యర్థి 48 గంటల్లో రాష్ట్ర కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు, అది 96 గంటల్లో తేల్చాలి. ఆ తర్వాత 48 గంటల్లో ఎన్నికల సంఘానికి. కాబట్టి కటింగు దాచుకోకుండా వెంటనే తీసుకెళ్లండి.

ఫిర్యాదులు ఎక్కువగా పోయేది ఆధారం దగ్గర. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో తేదీ, ఎడిషన్, పేజీ నంబరు ఉండవు. పూర్తి పేజీ ఇవ్వాలి. కమిటీ చూసే గుర్తులు కొన్ని ఉన్నాయి: అదే రాత, అదే ఫొటో రెండు పోటీ పేపర్లలో వేర్వేరు పేర్లతో రావడం, ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ గెలుస్తారని రెండు వార్తలు ఉండడం. నవ్వొద్దు, రెండోది సంఘం రాసుకున్న ఉదాహరణే.

తేలితే ఏమవుతుందంటే, ఆ చోటుకి ప్రభుత్వ ప్రకటనల రేటు కట్టి అభ్యర్థి ఖర్చులో కలుపుతారు. పెద్ద రాష్ట్రాల్లో పరిమితి అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు. పెయిడ్ న్యూస్ దానంతటది ఎన్నికల నేరం కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. తగులుకునేది ఖర్చు లెక్క దాచారన్న దగ్గర. 2011లో యూపీలోని బిసౌలీ ఎమ్మెల్యే మీద మూడేళ్ల అనర్హత పడింది ఆ దారినే.

కావలి కాలవ

చాలా సంతోషం అన్నా. ఎన్నికలు లేనప్పుడు ఏ పేపరు ఎటు మొగ్గిందో అంచనాగా కాకుండా కొలిచి చూపించే పద్ధతేమన్నా ఉందా?

పెన్నా గట్టు

ఉంది, కాస్త ఓపిక కావాలి. మూడు పేపర్లు, కనీసం రెండు వారాలు. ఒక్కరోజు లెక్క పనికిరాదు, ఆ రోజు ఎవరి సభ ఉంటే వాళ్లదే పైచేయి అవుతుంది. మెయిన్‌నీ జిల్లా ట్యాబ్లాయిడ్‌నీ కలపొద్దు, పేజీ సైజే వేరు. ప్రతి రాజకీయ వార్తకీ పొడవు, వెడల్పు, పేజీ, ఎవరి గురించి, అవతలివాళ్ల వివరణ ఉందా లేదా, ఇంతే రాసుకోండి. ఫొటోకి వేరే గడి పెట్టండి, లేకపోతే ఒక పెద్ద ఫొటో వారం లెక్కంతా మింగేస్తుంది. ప్రభుత్వ ప్రకటనల్ని ఇంకో కాగితం మీద కొలవండి, రెండూ పక్కపక్కన పెడితే చాలా సంగతులు కనబడతాయి.

యజమాని ఎవరో తెలియాలంటే గ్రంథాలయానికి పోయి 2024కి ముందు ఏ ఏడాదిదైనా మార్చి మొదటి సంచికలు తీయండి. ఫారం-4 అనే చిన్న ప్రకటనలో ఒక శాతం మించి వాటా ఉన్నవాళ్ల పేర్లు వేయాలి. సాధారణంగా ఎవరూ చదవని మూలలో వేస్తారు.

కర్నూల్ రోడ్, ఒంగోలు

స్కేలు మాత్రం సెంటీమీటర్లది పట్టుకెళ్లండి. ప్రకటన రేట్లు ఎక్కువగా చదరపు సెంటీమీటర్లలోనే ఉంటాయి, అంగుళాల్లో కొలిస్తే మళ్లీ మొదటికి రావాలి.