ఆట మధ్యలో పీసీ రీస్టార్ట్: ముందే ఎస్‌ఎంపీఎస్ మార్చాలా, పరీక్షించాకే కొనాలా?

నడిరేయి_ఆట

ఆట మంచి రసపట్టులో ఉండగా నా పీసీ రీస్టార్ట్ అయిపోతోంది. బ్లూ స్క్రీన్ రాదు, ఏ మెసేజీ రాదు. తెర నల్లబడుతుంది, ఫ్యాన్లు ఒక్క క్షణం ఆగుతాయి, మళ్లీ మొదటి నుంచి బూట్ అవుతుంది. బ్రౌజింగ్ చేసినా, సినిమా చూసినా ఏ ఇబ్బందీ లేదు. విండోస్ లోపాలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో మాత్రం ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అని ఎర్ర గుర్తుతో కనిపిస్తోంది. గ్రాఫిక్స్ కార్డు 320 వాట్లది, రెండు 8 పిన్ సాకెట్లు ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) 750 వాట్లు, గోల్డ్ రేటింగ్, ఆరేళ్ల పాతది. అడిగిన వాళ్లంతా "పవర్ అని రాసి ఉంది కదా, ఎస్‌ఎంపీఎస్ మార్చెయ్" అంటున్నారు. అంత డబ్బు పోశాక కూడా ఇదే జరిగితే ఏం చేయాలన్నదే నా టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

ఎఫ్‌పీఎస్_144

మార్చేయండి అన్నా. లోడ్ పడ్డప్పుడే పడిపోతోంది, మెసేజీ లేదు, పైగా ఆరేళ్ల వయసు. ఇంకేం కావాలి? లోపలి కెపాసిటర్లు వేడికి ఏళ్ల తరబడి ఎండుతూ వస్తాయి. మిగతా భాగాలు పాడైతే వాటితోనే పోతుంది, ఎస్‌ఎంపీఎస్ పాడైతే పక్కవాటినీ తీసుకుపోవచ్చు.

టంకం

ఒక్క నిమిషం. ముందు ఆ 41 సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే దాన్ని చూసి అనవసరంగా ఎస్‌ఎంపీఎస్ కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అది పీసీ ఆగిపోయే క్షణంలో రాసింది కాదు. మళ్లీ బూట్ అయ్యాక విండోస్ చూసుకుని, "కిందటిసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని రాసుకునే మాట. మీరు పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టి ఆపేసినా అదే 41 వస్తుంది. పేరులో పవర్ ఉంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ దోషం అనుకోవడం పొరపాటు.

దాన్ని తెరిచి వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ కారణం చెప్పే అంకె) చూడండి. సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చి మీ కంట పడకుండా పోయిందని అర్థం, అప్పుడు దారి వేరు. సున్నా ఉంటే విండోస్‌కు రాసుకునే వ్యవధి కూడా దొరకలేదని అర్థం. అదే సమయంలో వీయా-లాగర్ (WHEA-Logger) పేరుతో హార్డ్‌వేర్ ఎర్రర్లు ఉన్నాయేమో కూడా చూడండి. ఉంటే ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ వైపు అనుమానం మళ్లుతుంది.

ఇంతకీ మీ ప్రాసెసర్ ఏది? ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ వోల్టేజి వెళ్లి చిప్ బలహీనపడే సమస్య ఉందని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అందులో ఏదైనా అయితే బయాస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

నడిరేయి_ఆట

బగ్‌చెక్ కోడ్ సున్నా. వీయా ఎర్రర్లు ఒక్కటీ లేవు. ప్రాసెసర్ ఆ తరాల్లోది కాదు.

ఎఫ్‌పీఎస్_144

చూశారా, చుట్టూ తిరిగి అక్కడికే వచ్చాం. టంకం గారూ, మీరు చెప్పే పరీక్షలతో నాకున్న ఇబ్బంది ఇదే. గ్రాఫిక్స్ కార్డు లాగే కరెంటు ఒక తీరుగా ఉండదు. సగటు 320 వాట్లే కావచ్చు, మైక్రోసెకన్ల పాటు అంతకు ఎంతో ఎక్కువ లాగుతుంది. అందుకే 2022లో ఎస్‌ఎంపీఎస్‌లకు ఏటీఎక్స్ 3.0 అనే ప్రమాణం తెచ్చి, 100 మైక్రోసెకన్ల పాటు రెట్టింపు లోడ్ పడినా తట్టుకోవాలని రాసుకున్నారు. ఈయన ఎస్‌ఎంపీఎస్ అంతకు ముందుది. పైగా ఆ గోల్డ్ అన్న మాట కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుందే గానీ, ఇలాంటి కుదుపుల్ని తట్టుకుంటుందో లేదో చెప్పదు. రెండు సెకన్లకోసారి కొలిచే సాఫ్ట్‌వేర్‌కు ఈ కుదుపు కనిపించదు, చేతిలో మల్టీమీటర్‌కూ దొరకదు. ఇంకోటి పెట్టి చూడటం తప్ప నమ్మదగ్గ పరీక్ష లేదు.

టంకం

కుదుపులను కొలవలేమన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ కొలవలేకపోయినా తగ్గించి చూడొచ్చు కదా! దానికి పైసా ఖర్చు లేదు.

నడిరేయి గారూ, ఒక్కోసారి ఒక్కటే మార్చండి. ఇది మాత్రం మరువవద్దు, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మొదట బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆపేసి ర్యామ్‌ను మామూలు వేగంలో నడపండి. ఎక్స్‌ఎంపీ అంటే ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడపడం, అంటే ఓవర్‌క్లాకే, అది ఆన్‌లో ఉన్నట్టు గుర్తు లేని వాళ్లే ఎక్కువ. అప్పటికీ రీస్టార్ట్ అయితే దాన్ని మళ్లీ ఆన్ చేసి, కార్డు పవర్ లిమిట్‌ను (అది లాగే కరెంటుకు ఉండే హద్దు) 70 శాతానికి దించి అదే ఆట, అదే చోట ఆడండి. మెనూలో, లోడింగ్ తెర మీద కూడా గమనించండి. అక్కడ ఫ్రేములకు హద్దు పెట్టకపోతే వందల కొద్దీ గీస్తూ కార్డు ఆటలో కంటే ఎక్కువ లాగడం ఉంది.

కొత్తబిల్డ్

నాదీ ఇలాగే ఉండేది. వేడి వల్ల అనుకుని ప్రాసెసర్‌కు పేస్టు మార్చాను, ఏం లాభం లేదు. ప్రాసెసర్ వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, ఇలా టక్కున పడిపోవడం అరుదని తర్వాత తెలిసింది. మా అన్న ఎస్‌ఎంపీఎస్ రెండు రోజులు అరువు తెచ్చి పెట్టి చూస్తే తేలింది. కొనే ముందు అరువు దొరుకుతుందేమో అడగండి.

నడిరేయి_ఆట

నాలుగు రోజులు పట్టింది, క్షమించండి. ఎక్స్‌ఎంపీ ఆపితే తేడా లేదు, ఇరవై నిమిషాల్లో పడిపోయింది. దాన్ని మళ్లీ ఆన్ చేసి పవర్ లిమిట్ 70కి దించాను. రెండు సాయంత్రాలు ఒక్కసారి కూడా పడలేదు. మళ్లీ 100కి పెంచితే పదిహేను నిమిషాల్లో పోయింది.

ఎఫ్‌పీఎస్_144

ఇక ఆలస్యం దేనికి?

టంకం

దగ్గరికొచ్చాం, ఇంకొక్కటి. 70 శాతంలో నిలబడిందంటే దోషం ఎస్‌ఎంపీఎస్‌లోనే ఉండాలని లేదు. కార్డులోనూ ఉండొచ్చు, రెండింటి మధ్య కేబుల్‌లోనూ ఉండొచ్చు. మీ కార్డు రెండు సాకెట్లకూ రెండు వేర్వేరు కేబుళ్లు వెళ్తున్నాయా, లేక ఒకే కేబుల్ చివర రెండుగా చీలి వెళ్తోందా? ఒక్కో 8 పిన్ ప్లగ్గుకు 150 వాట్లు లెక్క. ఒకే కేబుల్ చీలితే కార్డు వైపు ప్లగ్గుల మీద భారం పంచుకుంటుంది, ఎస్‌ఎంపీఎస్ వైపు ఉన్న ఒక్క ప్లగ్గు మీద మాత్రం మొత్తం పడుతుంది. స్విచ్ ఆపి, ప్లగ్గు గోడ నుంచి తీసేసి, కేబుల్ ఎస్‌ఎంపీఎస్ వైపు చివర ఊడదీసి చూడండి. కార్డు వైపు చూసి బాగుందని వదిలేయకండి.

నడిరేయి_ఆట

ఒకే కేబులే. తీసి చూశాను, గుండె ఝల్లుమంది. కార్డు వైపు రెండు చివరలూ కొత్తవాటిలా ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్ వైపు ప్లగ్గులో ఒక మూల రంధ్రం చుట్టూ నల్లటి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, అంచు కొద్దిగా కరిగి వంగింది. లాగితే తేలిగ్గా రాలేదు, అటూ ఇటూ కదిపితే గానీ ఊడలేదు. ఎస్‌ఎంపీఎస్ సాకెట్‌లో టార్చి వేసి చూస్తే, మిగతా పిన్నులు మెరుస్తున్నాయి, అదే మూలలోని పిన్ను మాత్రం మసిబారి ఉంది.

టంకం

ఆ ఎస్‌ఎంపీఎస్‌ను ఇక వాడకండి, 70 శాతంలో కూడా. సాకెట్ వైపు పిన్ను మసిబారాక కొత్త కేబుల్ పెట్టినా ఆ చోట మళ్లీ వేడెక్కుతుంది. ఎఫ్‌పీఎస్ గారి మాటే చివరికి నిజమైంది, మార్చాల్సిందే.

ఎఫ్‌పీఎస్_144

నేను చెప్పింది మార్చమనే, కానీ కేబుల్ ఆ చివర చూడమని నాకు తట్టలేదు. అన్నా, ఒకటి అడుగుతా. కొత్తది కొన్నాక పాత కేబుళ్లు తీసేసి కొత్తవి వేద్దామనుకున్నారా?

నడిరేయి_ఆట

లేదు. నిజం చెప్పాలంటే, మదర్‌బోర్డు వెనక అన్నీ పొందిగ్గా కట్టేసి ఉన్నాయి కదా, కేబుళ్లు అలాగే ఉంచి డబ్బా ఒక్కటే మారుద్దామనుకున్నాను. ప్లగ్గులు ఒకేలా ఉంటాయి కదా అని.

టంకం

అయ్యో, ఆ పని మాత్రం చేయకండి. కార్డు వైపు, డ్రైవ్ వైపు ప్లగ్గులకు ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు లేదు. ఒక్కో కంపెనీది ఒక్కో అమరిక, ఒకే కంపెనీలో కూడా మోడల్‌ను బట్టి మారొచ్చు. ప్లగ్గు దూరుతుంది, స్విచ్ వేస్తే 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలో 12 వెళ్తే డ్రైవులు అక్కడికక్కడే కాలిపోతాయి. పాత కేబుళ్లన్నీ తీసి పాత డబ్బాతోనే మూటకట్టేయండి. కొత్తదాంతో వచ్చినవే వేయండి, కార్డుకు రెండు వేర్వేరు కేబుళ్లు.

నడిరేయి_ఆట

అన్నీ విప్పేస్తున్నాను. కొత్తది బిగించాక 100 శాతంలో వారం ఆడి ఇక్కడే రాస్తాను.