నాలుగేళ్ళు దాటినా ‘క’ పలకడు. ఆగాలా, చూపించాలా?

బుడ్డోడి అమ్మ: మావాడికి మొన్న నాలుగు నిండాయి. కాకిని ‘తాతి’ అంటాడు, గుడిని ‘దుడి’ అంటాడు. మాకు అర్థమవుతుంది గానీ బయటివాళ్ళు వాడు మాట్లాడగానే నా మొహం చూస్తారు. అత్తగారేమో వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాయమంటారు, మా ఆయన ఆగుదామంటారు. మీరైతే ఏం చేస్తారు?

కాకినాడ కాజా: ఆగండమ్మా. మా మేనల్లుడు ఐదేళ్ళ దాకా రాముణ్ణి ‘లాముడు’ అన్నాడు, ఇప్పుడు వాడి నోరు మూయించలేకపోతున్నాం. ప్రతిదానికీ థెరపీ అంటూ పరిగెడితే పిల్లాడికి తనలో ఏదో లోపముందని టెన్షన్ పట్టుకుంటుంది.

పలుకుబడి: కాజా గారూ, మీరు చెప్పేది ‘ర’ సంగతి, ఆవిడ అడిగింది ‘క’ సంగతి. రెంటినీ ఒకే గాటన కడితే ఎలా? నేను స్పీచ్ థెరపిస్టుని. ‘ర’ ఆలస్యంగా వస్తుంది, ఐదారేళ్ళ దాకా చూడొచ్చు. ‘క’, ‘గ’ మామూలుగా నాలుగు నిండేలోపే వచ్చేస్తాయి. నాలుక వెనక భాగం లేచి అంగిలికి తగిలితే ‘క’, కొస పళ్ళకి తగిలితే ‘త’. మీవాడు వెనక చేయాల్సిన పనిని ముందు చేస్తున్నాడు, అంతే. ముందు వినికిడి పరీక్ష చేయించండి, ఎందుకంటే జలుబు తరచూ చేసే పిల్లలకి కర్ణభేరి వెనక నీరు చేరి మాటలు మసగ్గా వినపడొచ్చు, నొప్పి ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇంట్లో ‘సరిగ్గా చెప్పు’ అని గద్దించకండి. వాడు ‘తాతి’ అంటే ‘అవును, కాకి! కాకి ఎగిరిపోయింది’ అని మీరు అని ఊరుకోండి.

నిజాంపేట నాన్న: వస జోలికి పోవద్దు. అందులోని బీటా అసరోన్ అనే రసాయనం మంచిది కాదనే అమెరికాలో 1968లోనే వసని ఆహారంలో నిషేధించారు.

కాకినాడ కాజా: మా ఊళ్ళో అందరికీ నాకించారు, ఎవరికేమైంది? సరే, చెవి పరీక్షకి ఒప్పుకుంటా. కానీ థెరపీకి నెలనెలా డబ్బెక్కడ తెస్తారు?

పలుకుబడి: జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందే గుర్తించి చూసే కేంద్రం, ఉందేమో అడగండి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా చూస్తారు. ఈ ఒక్క శబ్దమే సమస్యైతే ఏళ్ళ తరబడి తిరగక్కర్లేదు.

బుడ్డోడి అమ్మ: సోమవారం చెవులు చూపిస్తాం. వస సంగతి అత్తగారికి ఎవరు చెప్తారో మాత్రం మీరే తేల్చండి.