కంది కోసిన తరువాత కౌజులకు చాటు ఎక్కడ?

అచ్చంపేట రైతు:
మా చేను అడవి అంచున ఉంటుంది. డిసెంబరు దాకా కందిలో ఏడు కౌజులు, అంటే కోడిలా నేల మీద మేసే అడవి పిట్టలు, తిరిగేవి. జనవరిలో కంది కోయగానే పక్క చేనువారు గట్ల మీది రేగు, పరికి కంపను కాల్చివేశారు. అటువైపు కూత పూర్తిగా ఆగిపోయింది. నేను కంపను వదిలిన గట్టు దగ్గర ఫిబ్రవరి చివరికి నాలుగు మిగిలాయి. ఒక ఉదయం గట్టు పక్కన ఈకల కుప్ప కనిపించింది. చాటు పోవడమే కారణమంటారా?

దేవరకొండ సభ్యుడు:
చాలావరకు అదే. అయితే అన్ని పిట్టలకూ ఒకే చాటు సరిపోదు. కౌజు పగలు నేల మీద గింజలు, చెదలు ఏరుకొని, రాత్రికి ముళ్ళచెట్టో పొదో ఎక్కుతుంది. నేల మీదే తిరిగే చిన్న పిట్టలైన అడవి బురకపిట్టలు మాత్రం గడ్డి కింద నేల మీదనే, ఒకదానినొకటి ఆనుకొని, ముఖాలు బయటికి పెట్టి గుండ్రంగా పడుకుంటాయి. ఒక తెల్లవారుజామున నా కాలి ముందునుంచి అవి నలుదిక్కులకూ లేచిపోయాయి. వంగి గడ్డి తొలగించి చూస్తే పళ్ళెమంత చోటు, నడుమ రెట్టల కుప్ప ఉన్నాయి. పైగా చలికాలంలో వలస వచ్చే పిల్లిగద్దలు బీళ్ళ మీద బాగా కిందుగా ఎగురుతూ వెతుకుతాయి కనుక, గడ్డి మేపివేసిన చోట బురకపిట్టలకు దాక్కునే వీలుండదు.

మహబూబ్‌నగర్ నుంచి:
బాలానగర్ వైపు సీతాఫలం పొదలు వానకాలంలో ఎంత గుబురుగా ఉన్నా, సంక్రాంతి దాటాక ఆకు రాల్చి బోసిపోతాయి. సర్కారు తుమ్మ పచ్చగానే ఉంటుంది గానీ, దట్టంగా అల్లుకున్న చోట కింద గడ్డి పెరగనివ్వదు. దానిని చూసి చాటు ఉందనుకోవడం పొరపాటని నా అభిప్రాయం.

హాలియా పాఠకుడు:
ఉత్తర అమెరికాలోని రఫ్డ్ గ్రౌజ్ అనే అడవిపక్షి, దాదాపు 25 సెంటీమీటర్ల మెత్తటి మంచు దొరికితే అందులోకి దూరి రాత్రి గడుపుతుందని, మంచు చాలనప్పుడు ఆకు రాలని సూదాకుల చెట్ల గుబురును ఆశ్రయిస్తుందని చదివాను. మనకు అది వర్తిస్తుందా?

దేవరకొండ సభ్యుడు:
అక్కడ చాటు వెచ్చదనం కోసం కూడా అవసరం. మన చలికి కౌజు చావదు. దాగడానికి చోటు లేక, మేతకు బయలులో దూరం నడవవలసి వచ్చి వేటాడే జంతువులకు చిక్కుతుంది. అందుకే గట్టు కంప గింజలున్న చేనుకు ఆనుకొని ఉండాలి.

అచ్చంపేట రైతు:
ఈసారి కందిని ఒకేసారి కోయకుండా, గట్టు వైపు నాలుగు సాళ్ళు చివరికి ఉంచుతాను. ఉచ్చులు పెట్టేవారికి 1972 నాటి వన్యప్రాణి చట్టం గుర్తు చేయడం వేరే పని. కోత ముగిసిన వారం నుంచి రోజూ పొద్దున కూతలు లెక్కించి ఇక్కడ రాస్తాను.